జనవరి ఒకటిన పుట్టినోళ్లు

"నీకు కరెంటు పెట్టే పని లేదమ్మా" అని కరుణ మేడం అనంగనే కోడలు నీరజ కుర్చీల నుంచి లేచి రెండు చేతులెత్తి దండం పెట్టింది. దండం పెట్టాల్సిన మంగ్లీ మాత్రం కూసున్న కాడనే కూసున్నది. కుడిచేతితోని ఎడమ చంక కింద కుట్లు పడ్డ చోట రైక మీదనే మెల్లగ అదుముకున్నది.

సూర్యాపేటల ఆ దవాఖానకు కాన్సర్ డాక్టరు వారానికొక్కనాడే వస్తది. ఆ ఒక్కనాడు వరండా అంతా తిరునాళ్లే. మేడానికి మాట్లాడే తీరిక ఉండదు, అయినా మాట్లాడుతది. కోదాడ మనిషి, మాటల కొంచెం ఆంధ్ర సాగుడుంటది. రొమ్ముల గడ్డ చిన్నదన్నది. హైదరాబాదుల ఆపరేషన్ చేసి మొత్తం తీసేసిండ్రు, చంకల గడ్డలకు పాకలే, రిపోర్టు మంచిగున్నదన్నది. డెబ్బై దాటినోళ్లకు ఇసొంటి జబ్బైతే రోజుకొక గోలి అయిదేండ్లు మింగితే చాలట. కరెంటు, అదే రేడియేషన్, పెట్టినా పెట్టకున్నా వాళ్లు బతికే కాలంల తేడా రాదట. రోజూ హైదరాబాదు మిషన్ కాడ పండుకోని ఉన్న బలం పోగొట్టుకునుడు ఎందుకన్నది. అని ఫైలు మీదున్న ఆధార్ జిరాక్సు మీద పెన్ను ఆనిచ్చి, "డెబ్బై మూడేళ్లు కదా, హాయిగా ఇంటి దగ్గరుండు" అని నవ్వింది.

మంగ్లీ నవ్వలే. డెబ్బై మూడేండ్లు ఆమెవి కావు.

కోదాడల కార్డుల క్యాంపు పెట్టిన్నాడు ఆమె అన్న రాందాస్ రెండు తండాల ఆడోళ్లను ట్రాక్టర్ల ఎక్కించుకపోయి మిషన్ ముందట వరుసగ నిలవెట్టిండు. పుట్టిన తారీఖు ఎవ్వరికి తెల్వదు. పింఛన్ వయసు జల్ది అందేటట్టు జర ఎక్కువేసి కొట్టు తమ్మీ అని కంప్యూటర్ పిలగానికి చాయ్ తాపిండు. ఆ పిలగాడు సంవత్సరం రాందాస్ చెప్పింది కొట్టిండు, తారీఖు తనకు తోచింది కొట్టిండు. అందరికి జనవరి ఒకటి. రెండు తండాల ఆడోళ్లంతా ఒక్కదినమే పుట్టిండ్రన్నమాట, అన్ని కాన్పులు చేసిన మంత్రసాని ఎవరో గానీ ఆమెకు మొక్కాలె. పింఛన్లయితే వచ్చినయ్. రాందాస్‌కు అందరు దండం పెట్టిండ్రు. ఎక్కువేసిన ఏండ్లు ఒంటికి అంటుకుంటయని ఎవరనుకుంటరు?

బయట బెంచీ మీద పిచ్చమ్మ కూసోని ఉన్నది. మిర్యాలగూడల రైసుమిల్లుల వడ్లు ఎండబోసే పని ఆమెది. హైదరాబాదుల ఇద్దరికి పక్కపక్క మంచాలు పడ్డయ్, ఒకే వారంల ఆపరేషన్ అయింది, అప్పటి సంది అక్కచెల్లెండ్ల తీరు. మంగ్లీని చూడంగనే చెయ్యి పట్టి గుంజి పక్కన కూసోబెట్టుకోని, నాకు మూడు వారాలు కరెంటు రాసింది మంగ్లీ అన్నది. కండ్లల్ల నీళ్లున్నయ్. ఇద్దరిది ఒకే తీరు గడ్డ, అంతే సైజు, రిపోర్టుల గూడ అవ్వే అక్షరాలు, మరి నాకే ఎందుకని మేడాన్ని కొట్లాడినట్టే అడిగిందట. మిల్లు రికార్డుల ఆమెకు అరవై ఒకటి. ఆ వయసుకు పెట్టకపోతే అదే రొమ్ముల మళ్ల లేసే భయం ఎక్కువుంటది, ఇంకా శానా ఏండ్లు బతకాల్సిన దానివి అని మేడం చెప్పిందట.

"నీ నసీబు మంచిది, జల్ది ముసలిదానివైనవ్" అని పిచ్చమ్మ ఏడుస్తనే ఎగతాళి చేసింది. "గని జుట్టు సూస్తే నాకంటె నల్లగున్నది గదనే."

నీరజ పకపక నవ్వింది. మంగ్లీ చెయ్యి కొప్పు మీదికి పోయింది. పిచ్చమ్మ తనకంటె పెద్దది. ఆ సంగతి వార్డుల పక్కపక్కన పండుకున్న మొదటి దినమే ఆమెకు తెలుసు, ఒకరి ముడతలు ఒకరు చూసుకున్నరు గద.

బస్టాండుల నీరజ జిలేబి కట్టించింది. మోతె దాటి తండాల దిగంగనే ఎదురైనోళ్లందరి చేతులల్ల తలా ఒక ముక్క పెట్టుకుంట, మా అత్తకు కరెంటు లేదు, ఖతం, జబ్బు పోయింది అని చెప్పుకుంట నడిచింది. కోడలు ఆ తీరుగ నవ్వి ఎన్ని నెలలైందో. ఆపరేషన్ కాడ నేల మీద పండుకున్నది, పైపుల రక్తం పారబోసింది, చీదరించుకోలే. కొడుకు రాహుల్ ఆటో కడుక్కుంట పాట ఎత్తుకున్నడు. మొగుడు మేకల్ని దొడ్లకు తోలి వచ్చి, సంగతి విని, భార్య నెత్తి మీద ఒక్కపారి చెయ్యి పెట్టి తీసిండు. ఆ మనిషి అంతకంటె ఎక్కువ ఎన్నడు చేయలే. ఇంతమంది సంతోషం నడుమ మంగ్లీ ఒక్కతే దొంగ తీరు కూసున్నది.

తెల్లారి మిర్చి కల్లంల కూసున్నది. ఎడమచెయ్యి ఎత్తొద్దన్నరు గనక కుడిచేత్తోనే ఏరుతాంది, మంచి ఎర్రకాయ ఒక దిక్కు, తెల్లవడ్డ తాలుకాయ ఒక దిక్కు. ఎన్నేండ్ల సంది చేసిన పని, కన్ను చూడకముందే చెయ్యి పసిగడుతది. ఆ పొద్దు ఎర్రకాయలు తాలు కుప్పలేసింది, తాలు తెచ్చి ఎర్రకాయల్ల కలిపింది. పక్కనున్న ఆమె చూసి నవ్వితే, కారం కండ్లల్ల వడ్డది అని చెప్పింది.

కుట్ల కాడ సురుక్కుమన్నది. మళ్ల లేస్తాందా? ఇంత జల్ది లేస్తదా? చీర కొంగు కింద వేలు పెట్టి ఒత్తి చూసుకున్నది. గట్టిగ తగిలింది. అది కుట్టు గడ్డకట్టిన చోటే, నిన్న డాక్టరమ్మ గూడ చూసిందే, అయినా ఒళ్లంతా చెమట పట్టింది. దినాం ఇట్లనేనా ఇగ? అయిదేండ్లు గోలి మింగుకుంట, పొద్దున లేవంగనే ఒత్తి చూసుకుంట? గోలి చాలన్నది డెబ్బై మూడేండ్ల ముసలిదానికి. ఆ ముసలిది ఎవరో మంగ్లీకి తెల్వదు. తన జబ్బుకు వేరే మనిషి మందు రాసిచ్చిండ్రు.

చెప్తే? చెప్తే కార్డు తప్పని తేలుతది. కార్డు తప్పైతే దవాఖాన ఖర్చు సర్కారు ఇయ్యదేమో. పింఛన్ ఆపుతరు. ఒక్క ఆమెదేనా, ఆ క్యాంపుల ఎక్కించుకున్నోళ్లందరియి తవ్వుతరు. అన్నను పోలీసులు తోల్కపోతరా? తండా ఆడోళ్లు వాకిట్ల నిలవడి దుమ్మెత్తి పోస్తరు. చెప్పకపోతే ఇది లోపల్నే మళ్ల పెరుగుతది. ఎటు జూసినా భయమే. ఆమెకు ఏడ్వాలనిపించింది గని కల్లంల అందరు ఉన్నరు.

అన్నం సయించలే. నీరజ కంచం దగ్గరికి జరిపి, ఇంకేం పరేషాన్ అత్తా, అంతా అయిపాయె గద అన్నది. మంగ్లీ ఒక ముద్ద మింగి, పెద్దన్నను చూసి రావాలనిపిస్తాంది బిడ్డా అని చెప్పింది.

నడిగూడెం దిక్కున్న తండా రాందాస్‌ది. రాహుల్ ఆటోల దించి కిరాయికి పోయిండు. రాందాస్ వాకిట్ల మంచం నులక బిగిస్తాండు. అరికాళ్లు పట్టెకు తన్నిపెట్టి, వెనకకు వాలి, తాడు గుంజి, ఒక్కో పేట కట్టెతోని కొట్టి దగ్గర చేస్తాండు. చెల్లెను చూసి సంబురపడ్డడు. కరెంటు లేదన్న సంగతి ఫోన్ల విన్న, దేవుడున్నడు అన్నడు. తండాల మాటలన్ని లంబాడీలనే నడుస్తయ్, ఇక్కడ తెలుగుల చెప్పుకుంటున్నం గని.

మంగ్లీ మంచం కోడు పట్టుకోని నిలవడి చెప్పింది. పిచ్చమ్మ సంగతి చెప్పింది, ఒకే తీరు గడ్డ అని చెప్పింది, వయసు జూసే వద్దన్నరని చెప్పింది. రాందాస్ చేతుల నుంచి తాడు జారి కట్టిందంతా వదులైంది. లేచిపోయి వాకిలి దర్వాజ దగ్గరికేసి వచ్చిండు.

"ఎవరికన్న చెప్పినవా?"

"ఎవ్వరికి చెప్పలే, భియా."

"చెప్పకు."

ఆ మాట బెదిరించినట్టు అనలే, బతిమాలినట్టు అన్నడు. అది మంగ్లీకి ఇంకా భయమైంది. రెండు తండాలల్ల సగం పొయ్యిలు ఆ పింఛన్ల మీదనే అంటుకుంటున్నయన్నడు. ఒక్క కార్డు కాడ అనుమానమొస్తే వరుసపెట్టి అన్ని చూస్తరు, అందరి తారీఖు ఒక్కటే, దొరకపట్టుడు ఎంతసేపు అన్నడు. తీసుకున్నయన్ని కట్టుమంటే ఎవరు కడుతరు అన్నడు. డాక్టర్ సదువుకున్నది, ఆమెనే వద్దన్నంక నీకెందుకు రంది, ఎంతమంది కరెంటు పెట్టించుకోని మాడిపోలేదు అన్నడు. ఇవన్ని అంటాండు గని చెల్లె మొహం దిక్కు చూస్తలేడు, నులక దిక్కే చూస్తాండు.

మళ్ల వారం గోలీలు రాపిచ్చుకునేందుకు పోవాలె అని మంగ్లీ చెప్తే, నేను గూడ వస్త అన్నడు. ఎందుకొస్తడో ఇద్దరికి తెలుసు. ఆమె నోటికి కావలి.

ఆ వారం ఎట్ల గడిచిందో మంగ్లీకే తెలియాలె. నీరజ కొప్పు పెట్టేటప్పుడు, అత్తా నీకు ఒక్క తెల్లెంటిక లేదు, నాకే వస్తున్నయ్ అంటే ఉలిక్కిపడ్డది. నీళ్ల బిందె పొరపాటున సంకనెత్తుకోబోయి, యాదికొచ్చి దించి, అంతమాత్రానికే ఏదో పగిలిందని పొద్దంత ఒత్తి చూసుకున్నది. పిచ్చమ్మ ఫోన్ చేసి, మొదటి దినం కరెంటు అయిపోయింది, నొప్పేం లేదు, కానీ తలుపేసి అందరు బయటికి పోతరు, ఒక్కదాన్నే ఉంటె పానం గుబగుబలాడింది అని చెప్పింది. అది విని మంగ్లీకి అసూయ పుట్టింది. కరెంటు పెట్టించుకునే మనిషిని చూసి కుళ్లుకునే రోజొస్తదని ఆమె కలల గూడ అనుకోలే.

సూర్యాపేట పోయిన్నాడు రాందాస్ తెల్ల అంగీ, తలపాగ కట్టుకోని వచ్చిండు. మేడం గదిల మంగ్లీకి ఒక పక్క నీరజ, ఇంకో పక్క ఆయన. కరుణ మేడం కుట్లు చూసింది, బాగా మానిందన్నది, గోలీలు రాసింది. కాగితం చేతికిచ్చుకుంట, ఇంకేమైనా భయం ఉందా అమ్మా అని అడిగింది. అందరిని అడిగే మాటనే.

అన్న మోకాలు మంగ్లీ మోకాలికి తగిలింది, కావాలని తగిలిందో ఊరికె తగిలిందో. పిచ్చమ్మకు పెట్టిండ్రు మేడం, అన్నది చివరికి. అంతే వచ్చింది నోట్లె నుంచి.

మేడం విసుక్కోలే. చేతిల పెన్ను పక్కన పెట్టింది. కరెంటు ఎవరికి పనికొస్తుందో, ఎవరికి రాదో ముందే చెప్పే పరీక్షలు కొన్ని వస్తున్నాయమ్మా, గడ్డ ముక్కను ఎక్కడెక్కడికో పంపాలి, అది మన చేతిల అయ్యేది కాదు అన్నది. "మన దగ్గర నాకున్నవి మూడే. గడ్డ ఎంత, రిపోర్టు ఏంటి, మనిషి వయసెంత. ఈ మూడూ చూసే నీకు వద్దన్నాను. నీ జబ్బు తిరిగి రావడానికి పట్టే కాలం, నీకున్న వయసు, రెండూ తూకం వేశాను."

మంగ్లీ గోడ దిక్కు చూసుకుంట అడిగింది, "అరవై ఉంటె పెడుదురా, మేడం?"

"పెడతాం. నీ గడ్డకి అరవై ఏళ్లుంటే తప్పకుండా పెడతాం."

బయట కాంపౌండరు ఎవరి పేరో పిలుస్తాండు. ఇప్పుడు చెప్పాలె, ఇప్పుడు చెప్పకపోతే ఇగ లేదు అనుకున్నది మంగ్లీ. నోరు తెరిచింది. గాలి తప్ప ఏం రాలే. నీరజ అత్త మొహం దిక్కు వింతగ చూస్తాంది. మంగ్లీ నోరు మూసుకున్నది, లేవబోయింది.

రాందాస్ లేవలే. తలపాగ తీసి ఒళ్లె పెట్టుకున్నడు.

"సాగర్ కాలువకు మా దిక్కు మొదటిసారి నీళ్లొచ్చినయ్ గద మేడం" అన్నడు.

మేడం ఏమి అర్థంగాక చూసింది. "మా తాతయ్య చెప్పేవారు. అయితే?"

"ఆ నాడు ఊర్లన్ని కట్ట మీదికి ఉరికినయ్. నేను బడి ఎగ్గొట్టి దీన్ని సంకనేసుకోని ఉరికిన. నా మెడ పట్టుకోని ఏడ్సింది, నీళ్ల సప్పుడుకు. అప్పటికి ఇది మా యాడి, అమ్మ కాడ పాలు మానలే."

తలపాగను రెండు చేతుల్ల నలిపిండు. "కార్డుల వయసు నేను రాపిచ్చిన మేడం. దీంది కాదది. దీనికి ఏం తెల్వదు. దీనికి అరవై గూడ నిండినయో లేదో."

కరుణ మేడం వేళ్లు మడిచి లెక్క పెట్టుకున్నది. తర్వాత ఫైలు మళ్ల తెరిచి చూసింది. ఆమె చెంపలు ఎర్రబడ్డయ్. కోపమో, భయమో, తను చేయబోయిన తప్పు కండ్లముందు కనపడ్డదో. మూడింట్ల ఒకటి తప్పైతే నా లెక్కంతా తప్పేనండీ అన్నది, ఎవరితోనో కాదు, తనతో తాను అన్నట్టే. ఇంకా సమయం దాటిపోలేదన్నది. మూడు వారాలు హైదరాబాదుల ఉండాలన్నది. కార్డుల జోలికి పోవడం నా పని కాదు, ఎవరికీ ఫోన్ చేయను, కానీ ఎందుకు మార్చానో ఫైల్లో నిజం రాయాలి, అది రేపు ఎవరైనా చదవచ్చు, ఆలోచించుకోండి అన్నది.

"రాయండి" అన్నడు రాందాస్.

ఆమె రాస్తాంటే పెన్ను చప్పుడు వినపడ్డది. మంగ్లీకి అప్పుడు ఏడుపొచ్చింది. ఇన్ని దినాలు కల్లంల, అన్నం కాడ, బస్సుల అదిమిపెట్టిందంతా ఒక్కపారే వచ్చి, మేడం టేబుల్ మీద తల పెట్టి ఏడ్చింది.

బస్సుల నీరజ కిటికీల నుంచి పత్తిచేన్లు చూసుకుంట కూసున్నది. మోతె దగ్గర పడ్డంక అడిగింది, "నాకెందుకు చెప్పలే అత్తా?"

"నువ్వు దండం పెట్టినవ్ గద బిడ్డా. నీ నవ్వు జూసి నోరు రాలే."

నీరజ అత్త కుడిచెయ్యి తీసి తన ఒళ్లె పెట్టుకున్నది. వెనక సీట్ల రాందాస్ టికెట్టు నడిగూడెం దాకా తీసుకున్నడు, అయినా మంగ్లీ తండా కాడనే దిగిండు. దాచిపెడితే తర్వాత ఇంకెవరో చెప్తరు, నేనే చెప్పి తిట్లు తింట అని ఇల్లిల్లు తిరిగిండు.

పొద్దుగూకే యాళ్లకు మంగ్లీ లోపల హైదరాబాదు సంచి సదురుతాంది. వాకిట్ల అడుగుల సప్పుడైంది. ఒక్కరిద్దరివి కావు. గాజుల గలగల, దగ్గులు, మెల్లగ మాటలు. ఆమె చేతుల్ల చీర అట్లనే ఆగిపోయింది. వచ్చిండ్రు. మా కడుపు కొట్టినవని అడుగుతరు. ఏం జవాబు చెప్తది? నేను బతికేందుకు మీ పింఛన్లు పోతయని చెప్తదా? నీరజ అడ్డం నిలవడబోతే వద్దని చెప్పి, కొంగు నెత్తి మీదికి గుంజుకోని తానే బయటికి వచ్చింది.

వాకిలి నిండ ఆడోళ్లు కూసోని ఉన్నరు. రాందాస్ మంచం మీద తల వంచుకోని ఉన్నడు. అందరికంటె ముందు సక్రి. పింఛన్ ఒక్క నెల లేటైతే పంచాయతీ ఆఫీసు ముందర కూసోని లేవని మనిషి, ఆమె నోటికి సెక్రటరీ గూడ భయపడుతడు. మంగ్లీ ఆమె ముందట నిలవడ్డది. ఏమన్న అను అన్నట్టు నిలవడ్డది.

సక్రి నడుముల సంచి విప్పి గోలీల అట్ట బయటికి తీసింది. నడిస్తె ఆయాసమొస్తాందని పోయినేడు పెద్దదవాఖానకు పోతే, ఈ వయసుకు ఇంతేనమ్మా, ఈ గోలీలు వేసుకో అని పంపిండ్రట. అడిగిన పరీక్ష చేయలేదట. ఇప్పుడు ఇంటి కాడి నుంచి ఇక్కడి దాకా వచ్చేటప్పటికే రెండుసార్లు కూసున్నదట. మీ అన్నను అడిగిన అన్నది, నా వయసు నిజంగ ఎంతని. తెల్వదంటాండు.

"నాకెట్ల తెలుస్తది సక్రీ" అన్నడు రాందాస్ తల ఎత్తకుంటనే. "నేను నా చెల్లెనొక్కదాన్నే ఎత్తుకున్న."

సక్రిని ఎత్తుకున్నోళ్లు లేరు. తల్లి లేదు, అన్నలు లేరు, కాన్పు చేసిన ముసలామె గూడ ఎన్నడో పోయింది. వెనక కూసున్నోళ్లలో శానామంది అంతే. పింఛన్ ఊసు ఒక్కరు గూడ ఎత్తుతలేరు. వాళ్లందరి మొహాలల్ల మంగ్లీకి తెలిసిన భయమే కనపడ్డది, కల్లంల కూసోని తను పడ్డ భయమే.

"నువ్వు పెండ్లై తండాకు వచ్చినప్పుడు నన్ను జూసినవ్ గద" అన్నది సక్రి. గొంతు చిన్నగైంది. "నేను నీకంటె పెద్దదాన్నా, చిన్నదాన్నా? నిజం చెప్పు."

మంగ్లీ ఆమె ముందట కింద కూసున్నది. కుడిచేత్తోని సక్రి గదువ పట్టి మొహం పైకి లేపి చూసింది. పెండ్లి పొద్దు మొగుని వెంట తండాల అడుగుపెట్టినప్పుడు, ఎదురు ఇంటి తడిక సందుల నుంచి తొంగిచూసిన ఆడపిల్ల, పరికిణి, ముందరి పండ్లు ఊడి కొత్తయి అప్పుడప్పుడే మొలుస్తున్న నోరు యాదికొచ్చినయ్.

"చిన్నదానివే" అన్నది మంగ్లీ. "నాకంటె శానా చిన్నదానివి, సక్రీ."

సక్రి ఆమె చేతిని అట్లనే గదువకు అదుముకోని భోరున ఏడ్చింది. వెనకున్న ఆమె కొంగుతోని కండ్లు తుడుచుకోని కొంచెం ముందుకు జరిగింది.